మిగిల్చింది ఎవరి వాటా?

గృహస్థుల్లో ఎవరు మెరుగు అన్నదానికి మనుస్మృతి నాలుగో అధ్యాయం ఒక వరుస చెబుతుంది. గాదె నిండా ధాన్యం నిలవ చేసుకున్నవాడు ఒకడు, కుండెడు గింజలు ఉంచుకున్నవాడు ఇంకొకడు, మూడు రోజులకి సరిపడా పెట్టుకున్నవాడు మూడోవాడు, రేపటికని ఏమీ ఉంచుకోనివాడు నాలుగోవాడు. వీళ్లలో ముందు చెప్పినవాడికంటే వెనక చెప్పినవాడే ఎక్కువ ధర్మాత్ముడని అక్కడి తీర్పు. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకి గృహస్థధర్మం చెబుతూ మరింత కటువుగా మాట్లాడతాడు. కడుపు నింపుకోవడానికి ఎంత కావాలో అంతమేరకే మనిషికి హక్కు ఉందనీ, అంతకుమించింది తనదనుకునేవాడు దొంగ కిందే లెక్క అనీ అంటాడు. మత్తయి సువార్త చదివేవాళ్లకి కొట్లు కట్టుకోని పక్షుల ఉదాహరణ తెలుసు, రేపటి బెంగ రేపటికే వదిలెయ్యమన్న బోధ తెలుసు. ఇవన్నీ భక్తిగా వినే ఇళ్లలోనే, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పల్లెపల్లెనా, పొదుపు సంఘం పుస్తకం ఉంటుంది, చీటీ ఉంటుంది, పోస్టాఫీసు పాసుపుస్తకం ఉంటుంది, ఆడపిల్ల పెళ్లికని కొని దాచిన కాసు బంగారం ఉంటుంది. రోజువారీ ఖర్చులో నాలుగు రూపాయలు ఎలా మిగల్చాలో చెప్పేవాళ్లకి ఎప్పుడూ కొదవ లేదు. ఆ మిగల్చడం ధర్మమేనా, ధర్మమైతే ఎంతవరకు, అని అడిగేవాళ్లే తక్కువ. దేవుడి మీద నమ్మకం చాలనివాళ్లే దాచుకుంటారా? లేక దాచుకోనివాడు ఇంకొకరి నెత్తిన కూర్చుంటున్నాడా?

మనువు చెప్పిన వరుసని దగ్గరగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. ఆ నలుగురూ దుక్కి దున్ని బతికేవాళ్లు కారు. ఇతరులు ఇచ్చినదానితో వెళ్లదీసుకునే బ్రాహ్మణ గృహస్థుల గురించి ఆ మాట. రేపటికి ఏమీ లేనివాడికి రేపు అన్నం దొరకాలంటే, పక్కవీధిలో ఎవరో ఒకరి గాదెలో గింజలుండాలి, ఆ గాదె తలుపు తెరిచి ఉండాలి. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వాటిని వెలుగులోకి తెచ్చారు. అక్కడ నివసించిన భిక్షువుల నియమం కూడా ఇదే: ఈ పూట భిక్షలో వచ్చిన అన్నం రేపటికి దాచకూడదు. కాని ఆ కొండ కింద ఊళ్లలో రైతులూ వర్తకులూ నిలవ చేసుకోకపోతే భిక్షాపాత్రలో ఏం పడేది? బుద్ధుడికి ఇది తెలుసు. అందుకే భిక్షువుకి చెప్పిన మాట గృహస్థుకి చెప్పలేదు. సిగాలుడనే యువకుడికి ఆయన ఇచ్చిన ఉపదేశంలో రాబడిని నాలుగు భాగాలు చెయ్యమన్నాడు. ఒక భాగం అనుభవించడానికి, రెండు భాగాలు వృత్తిలో పెట్టడానికి, నాలుగోది ఆపద వచ్చిన రోజుకి. పక్షుల్ని చూడమన్న బైబిల్లోనే, ఏడేళ్ల పంటలో ఐదోవంతు కొట్లలో పోయించి ఏడేళ్ల కరువులో ఐగుప్తు ప్రాణాలు కాపాడిన యోసేపు కథ కూడా ఉంది. కాబట్టి ఈ మతాలేవీ గృహస్థు నిలవ చేసుకోవడాన్నే తప్పు పట్టలేదు. సన్యాసి ఖాళీ చేతులకి గౌరవం దక్కిందంటే, వెనక గృహస్థు నిండు గాదె ఉండబట్టే.

మరి నారదుడి కోపం ఎవరి మీద? ఆయన వాడిన మాట దొంగ. ఎక్కువ దాచుకున్నవాణ్ణి ఆయన ఆశపోతు అనలేదు, పిరికివాడు అనలేదు. దొంగతనం జరగాలంటే రెండోమనిషి ఉండాలి, ఆ రెండోమనిషి సొత్తు పోవాలి. నా వాదానికి మూలం ఇక్కడే దొరికింది. డబ్బు మిగిలే దారులు రెండు. నాకు కలిగిన కోరికని నేను తగ్గించుకుంటే కొంత మిగులుతుంది. ఇంకొకరికి చెందాల్సింది నేను ఇవ్వకపోతే కూడా కొంత మిగులుతుంది. పాసుపుస్తకంలో రెండూ ఒకే అంకెగా పడతాయి. బ్యాంకు వాళ్లకి వాటి తేడా తెలియదు, తెలుసుకునే అవసరమూ లేదు. ఆ తేడా చూడవలసింది ధర్మం. ఎంత మిగిల్చావన్న ప్రశ్నకంటే, ఎవరి వాటాలోంచి మిగిల్చావన్న ప్రశ్న ముందు రావాలి. నా కోరికలోంచి మిగిలింది తపస్సు, పక్కవాళ్ల వాటాలోంచి మిగిలింది చౌర్యం. పొదుపుకీ పిసినారితనానికీ గీత ఎక్కడ గియ్యాలన్న పాత తగవుని ఎంత ఖర్చుపెట్టారన్న లెక్కతో తీర్చలేం. అతి తక్కువ ఖర్చుతో బతికిన మహాత్ములున్నారు. అంతే తక్కువ ఖర్చుతో బతికి ఇంటిల్లిపాదినీ ఏడిపించినవాళ్లూ ఉన్నారు.

ఈ రెండో రకం మనిషిని తెలుగువాళ్లకి చూపించింది విజయనగరమే. గురజాడ 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు కాణీ ఖర్చుకి కన్నీళ్లు పెట్టుకునే ముసలివాడు. పెళ్లికూతురు తక్కువ బేరానికి వస్తోందంటే ముందు కుదిరిన సంబంధం వదిలి అటు మొగ్గుతాడు. అగ్నిహోత్రావధాన్లు ఇంకో రకం. వ్యాజ్యాలకి డబ్బు పోస్తాడు, కొడుకు చదువు ఖర్చుకి గునుస్తాడు, ఆ లోటుని చిన్నకూతురు సుబ్బిని అమ్మి పూడ్చుకుందామనుకుంటాడు. ఒకడు దాచేవాడు, ఒకడు చేతికి ఎముక లేకుండా పోసేవాడు. ఇద్దరి లెక్కా తేలేది మాత్రం ఒక ఆడపిల్ల బతుకు మీద. ఇది నాటకం కోసం అల్లిన సంగతి కాదు. ఆనందగజపతి మహారాజు విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో జరిగిన ఇలాంటి పెళ్లిళ్ల జాబితా తీయిస్తే 1,034 తేలాయని గురజాడ 1897 నాటి ముందుమాటలో రాశారు. వాటిలో 99 మంది పిల్లల వయసు ఐదేళ్లు. ఏడాది నిండిన పసికందులు ముగ్గురు. ఇప్పుడు కన్యాశుల్కం లేదు, వరకట్నం ఉంది. 1961 నుంచి దాన్ని చట్టం నిషేధించింది, అయినా మన ఇళ్లలో పొదుపు అనగానే ముందు తలపుకి వచ్చేది ఆడపిల్ల కట్నమే. ఆ పిల్లని డిగ్రీ చదివించడానికి అయ్యే సొమ్ము అలా చేర్చి, ఆమెని ఏలుకోవడానికి ఇంకొకరికి ఇస్తాం. తల్లిదండ్రులు కడుపు కట్టుకుని, ఎంతో ప్రేమతో చేసే పని ఇది. ఆ ప్రేమని శంకించడం లేదు. కాని ఎవరి వాటా అన్న ప్రశ్న అడిగితే, ఆ నిలవలో ఎక్కువ భాగం ఆమె చదువులోంచి, ఆమె కాళ్ల మీద ఆమె నిలబడే అవకాశంలోంచి మిగిలిందని ఒప్పుకోక తప్పదు.

వంటింటి దగ్గర ఈ పరీక్ష మరింత కఠినంగా ఉంటుంది. ఖర్చు తగ్గించాలి అనుకున్న నెలలో ముందు తగ్గేవి ఏవి? పాలు, గుడ్లు, పళ్లు, కూరగాయలు. తగ్గిన వాటిలో మిగిలింది ఇంటి మగవాళ్లకీ పిల్లలకీ వడ్డించాక ఇల్లాలి కంచంలోకి ఏం వస్తుంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల లోపు ఆడవాళ్లలో సగానికి మించి రక్తహీనత ఉంది. దానికి కారణాలు చాలా ఉంటాయి, కాని ఆఖర్న తినడం, మిగిలింది తినడం అన్న అలవాటు వాటిలో ఒకటి. మంచి ఇల్లాలు అంటే పొదుపరి అని మెచ్చుకునే లోకం, ఆ పొదుపు ఆమె నెత్తురులోంచి వచ్చిందా అని చూడదు. పనిమనిషి జీతంలో వంద తగ్గించి బేరమాడడం, ఊడ్పుల్లో ఆడకూలికి మగకూలికన్నా తక్కువ ఇవ్వడం, తోపుడుబండి మీద ఆనపకాయకి ఐదు రూపాయలు గీసిగీసి బేరమాడి పెద్ద దుకాణంలో చెప్పిన ధర నోరెత్తకుండా ఇచ్చెయ్యడం, ఇవన్నీ పొదుపు చిట్కాల కిందే చలామణీ అవుతున్నాయి. వీటిలో దేన్నీ నేను పొదుపు అనను.

మరి ఎవరి వాటా పోకుండా మిగిలేది ఉంటుందా అంటే, ఉంటుంది. ఈ ప్రాంతానికి అది కొత్త విద్య కాదు. చోడి అంబలి తాగి పొలానికి వెళ్లిన తరాలు పేదరికంతోనే తాగాయి, నిజమే. కాని చోళ్లలో కాల్షియం బియ్యంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఉదయం పూట పొట్లాల్లో వచ్చే బిస్కెట్లూ నూడుల్సూ మానేసి అంబలి, ఇడ్లీ, చద్దన్నం, తరవాణి దగ్గరకి తిరిగి వచ్చిన ఇంట్లో ఖర్చూ తగ్గుతుంది, ఒంటికీ మేలు. వేసవిలో చింతపండు, ఎండుమిరప, కందులు ధర తక్కువగా ఉన్నప్పుడు ఏడాదికి సరిపడా కొనిపెట్టుకునే అలవాటు, పెరట్లో ములగచెట్టు, గోంగూర మడి, పాకకి పాకించిన ఆనపతీగ, శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి మట్టలతో డొక్కలతో మండే పొయ్యి, చిరిగిన చీరలు నాలుగు మడతలేసి కుట్టిన బొంత. ఇవి ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోలేదు. బొంత అనగానే వినయపిటకంలో బుద్ధుడి శిష్యుడు ఆనందుడి కథ చెప్పుకోవాలి. ఉదయన మహారాజు రాణులు ఆనందుడికి 500 వస్త్రాలు దానమిస్తే రాజుకి అనుమానం వస్తుంది, ఒక్క భిక్షువుకి ఇన్ని ఎందుకని. ఆనందుడు వరసగా జవాబు చెబుతాడు. చీవరాలు చిరిగిన భిక్షువులకి పంచుతాం. వాళ్ల పాతవి దుప్పట్లవుతాయి. పాత దుప్పట్లు పరుపు గలేబులవుతాయి. పాత గలేబులు కింద పరుచుకునేవి అవుతాయి, అవి కాళ్లు తుడుచుకునే గుడ్డలవుతాయి, అవి దుమ్ము దులిపేవి అవుతాయి, ఆఖరికి వాటిని చింపి మట్టిలో కలిపి నేల అలుకుతాం. రాజు సంతోషించి ఇంకో 500 వస్త్రాలు ఇచ్చాడని కథ. ఇక్కడ గమనించవలసింది, ఆ లెక్క మొదలైంది పంచడంతో. తనకి వచ్చినదాన్ని ముందు లేనివాళ్లకి ఇచ్చి, ఆ తరవాతే పాతబట్ట ప్రతి పోగునీ వాడుకున్నారు. పొదుపుకి ఇంతకన్నా చక్కని నిర్వచనం నాకు ఏ గ్రంథంలోనూ కనపడలేదు.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది, దాన్ని తేలిగ్గా తోసెయ్యడం తప్పు. చేతిలో ఏమీ లేనివాడికి పొదుపు నేర్పడం ఎగతాళి కాదా? ఉన్నవాళ్లు పేదవాడికి ఇచ్చే మొదటి సలహా ఎప్పుడూ ఖర్చు తగ్గించుకోమనే. వాడు పేదవాడవడానికి కారణం వాడి ఖర్చే అన్న నింద ఆ సలహా లోపల దాగి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా మురపాకలో పుట్టిన కాళీపట్నం రామారావు (కారా) మాస్టారి 'యజ్ఞం' కథ ఈ నిందకి నూరేళ్లకీ సరిపోయే జవాబు. అందులోని అప్పల్రాముడు తాగుబోతు కాడు, సోమరి కాడు, ఒళ్లు దాచుకోని రైతు. అయినా అప్పు పెరిగింది, వడ్డీ పెరిగింది, ఊరి పెద్దల ముందు తగువు తేలేసరికి కాయితాల ప్రకారం న్యాయం అప్పిచ్చినవాడి వైపే ఉంది. తండ్రి అప్పు కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి దిగి, ఆ పసివాడు కూడా కంబారితనం (పాలేరు పని) చెయ్యాల్సిందేనని అర్థమైన క్షణంలో కొడుకు తన బిడ్డనే చంపేసిన ఘోరం తెలుగు పాఠకులకి తెలుసు. 1960ల్లో వచ్చిన ఆ కథ చదివాక, పేదవాడి పేదరికానికి వాడి దుబారాయే కారణమని చెప్పే నోరు లేవదు. నా పరీక్ష ప్రకారం చూసినా ఇదే తేలుతుంది. అప్పల్రాముడి వాటాలోంచి ఇంకెవరో పొదుపు చేశారు. కాబట్టి పొదుపు ధర్మం మొట్టమొదట వర్తించేది ఇచ్చేవాడికి. కూలి సరిగా ఇవ్వడం, వడ్డీ న్యాయంగా తీసుకోవడం. పుచ్చుకునేవాడికి నీతులు చెప్పడం ఆ తరవాతి సంగతి.

అయినా లేనివాడు దాచుకోలేడన్న మాట పూర్తిగా నిజం కాదని ఈ జిల్లాల ఆడవాళ్లే చూపించారు. 1982లో కేంద్ర ప్రభుత్వం ద్వాక్రా మొదలుపెట్టినప్పుడు మన రాష్ట్రంలో తొలి విడత జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఆరు జిల్లాల్లో వెలుగు ప్రాజెక్టు వస్తే ఆ ఆరింటిలో శ్రీకాకుళమూ ఉంది, విజయనగరమూ ఉంది. పదిమందో పదిహేనుమందో కలిసి రోజుకో రూపాయితో మొదలుపెట్టిన సంఘాలవి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సమయానికి చెల్లింపు, సరైన లెక్కల పుస్తకం, ఈ ఐదూ వాటి పంచసూత్రాలు. మూడో సూత్రం దగ్గర ఆగి ఆలోచించాలి. ఒకామె వేసిన రూపాయి ఇనప్పెట్టెలో మురగదు. ఆ నెలలోనే పక్కామె కొడుకు పరీక్ష ఫీజుగానో, ఆస్పత్రి ఖర్చుగానో వెళ్లి, వడ్డీతో తిరిగి వస్తుంది. ఆ వడ్డీ కూడా సంఘానిదే, అంటే కట్టినామెకి కూడా అందులో భాగం ఉంది. దాచడం, పంచడం ఇక్కడ ఒకే పనిలో జరిగిపోతున్నాయి. లుబ్ధావధాన్లు పెట్టెకి తాళం వేసి సాధించలేనిది ఇది. వడ్డీ లెక్క చూస్తే ఇందులోని ఆదా ఎంతో తెలుస్తుంది. నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెస్తే నెలకి 300, ఏడాదికి 3,600 కట్టాలి. అదే పదివేలు బ్యాంకులో దాచినా ఏడాదికి వచ్చేది అందులో చిన్న భాగమే. టీలు మానుకుని, బస్సు బదులు నడిచి రోజుకి పది రూపాయలు మిగుల్చుకున్నా ఏడాదికి 3,650. అంటే ఏడాది పొడవునా చేసిన కష్టం ఒక్క అప్పు వడ్డీకి సరిపోతుంది. అందుకే అప్పున్న ఇంట్లో పొదుపు అంటే ముందు ఆ పైవడ్డీ అప్పు తీర్చడమే. దాచిన సొమ్ము ఒకవైపు, నూటికి మూడు వడ్డీ ఇంకోవైపు పెట్టుకోవడం భద్రత అనిపిస్తుంది గాని కాదు.

సంఘాలన్నీ స్వర్గాలని చెప్పబోవడం లేదు. సంఘం పేరు మీద తెచ్చిన అప్పుని బయట ఎక్కువ వడ్డీకి తిప్పేవాళ్లున్నారు. ఒకామె కట్టలేకపోతే మిగతావాళ్లు ఆమె ఇంటి ముందు కూర్చుని పరువు తీసిన సందర్భాలున్నాయి. సూక్ష్మ రుణ కంపెనీల వసూళ్ల ఒత్తిడి తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ల వార్తలు వచ్చాకే 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. పదిమంది ఒకరికొకరు హామీగా ఉండడం గొప్ప సంగతే, కాని ఆ హామీ బలహీనురాలి మెడకి ఉరి అయినరోజున సంఘం కూడా ఆమె వాటాలోంచే పొదుపు చేస్తున్నట్టు.

ఇంకో ఆక్షేపణ ఈ తుపాన్ల ప్రాంతంలోనే ఎక్కువగా వినిపిస్తుంది. దాచి ఏం లాభం, ఒక్క రాత్రిలో పోతుంది అంటారు. ఈ మాట వెనక అనుభవం ఉంది. 'రంగం' (రంగూన్) వెళ్లి బర్మా రేవుల్లో బస్తాలు మోసి కూడబెట్టుకున్న తాతలు 1942లో యుద్ధం తరుముకొస్తే కట్టుబట్టలతో అడవుల దారిన నడిచి వచ్చారు. వాళ్ల మనవల తరంలో కొందరు చేపల వేటకి గుజరాత్ వెరావల్‌లో పడవలెక్కి, 2018లో పట్టుబడి పాకిస్తాన్ జైలుకి వెళ్లారు. అదే ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటల్నీ జీడితోటల్నీ పడగొట్టింది. ఉద్దానం రైతుకి చెట్టే బ్యాంకు. కొడుకు పుట్టినప్పుడు వేసిన కొబ్బరిమొక్క వాడి చదువుకి కాపు ఇస్తుంది. ఒక తరం పొదుపు తెల్లారేసరికి నేల మీద ఉంది. అదే ప్రాంతంలో కారణం ఇప్పటికీ పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు, డయాలసిస్‌కి తిరగడంతోనే ఇళ్లని ఖాళీ చేసింది. ఇది చూసినవాడు విధి మీద భారం వేస్తే తప్పుపట్టలేం. కాని ఆ వాదం నిజంగా రుజువు చేసేది వేరు. ఒక్క చోట, ఒక్క రూపంలో, ఒక్కడే దాచుకున్నది నిలవదని రుజువు చేస్తుంది. తుపానుకి పోనిది కూడా ఉద్దానంలో ఉంది: దూరదేశాల్లో కొలువులు చేస్తూ ఇంటికి డబ్బు పంపిన చదువుకున్న పిల్లలు, గట్టిగా నిలబడిన ఊరి సంఘాలు, ఆపదలో ఒకరినొకరు అడగగలిగిన చుట్టరికాలు. ప్రభుత్వాస్పత్రి, మంచినీటి పథకం కూడా పొదుపే, సమాజం మొత్తం కలిసి చేసినది. తుపాను రోజుకని ఒక్కొక్కరూ దాచుకోవలసిన అవసరాన్ని ఎంత తగ్గిస్తే అంత ధర్మమైన రాజ్యం.

పొదుపు మొత్తానికి ఒక గమ్యం ఉండాలని మన గుళ్లు ఏనాడో చెప్పాయి. తూర్పు గాంగులు రాజధానిగా ఏలిన శ్రీముఖలింగంలో, శ్రీకూర్మంలో గోడల మీదా స్తంభాల మీదా ఉన్న శాసనాల్లో అఖండదీప దానాలు పదేపదే కనిపిస్తాయి. దాత ఇన్ని నాణేలో, ఇన్ని పశువులో, ఇంత భూమో ఇస్తాడు. మూలధనం ముట్టుకోకుండా దాని ఫలంతో నెయ్యి తెచ్చి దీపం ఆరకుండా చూడాలి. దానంలో ఆడవాళ్ల పేర్లూ ఉన్నాయి. ఆ ఏర్పాటుని ఇప్పటి భాషలో చెప్పాలంటే డిపాజిట్టు మీద వడ్డీతో నడిచే సేవ. తన తరవాత కూడా వెలగాలన్న కోరికతో మిగిల్చినది కాబట్టి అందులో భక్తి ఉంది. ఇస్లాం ఇదే సంగతిని ఇంకా కచ్చితంగా చెప్పింది. నిర్ణీత పరిమితికి మించి ఏడాదిపాటు నిలవున్న సొమ్ములో నూటికి రెండున్నర వంతు జకాత్‌గా ఇవ్వాలి. రోజు సంపాదన మీద కాదు, దాచినదాని మీద. దాచుకోవచ్చు, కాని దాచుకున్నదాంట్లో ఎప్పుడూ ఇంకొకరి భాగం ఉంటుందని దాని భావం. కంచి పరమాచార్యులు ప్రతి ఇంట్లో వంటకి ముందు పిడికెడు బియ్యం తీసి అన్నదానానికి ఉంచమన్నారు. మిజోరాం క్రైస్తవ స్త్రీలు 1910 ప్రాంతం నుంచి వండిన ప్రతిపూటా అదే పని చేసి చర్చి సేవలకి తోడ్పడ్డారు. పిడికెడు తగ్గితే ఇంట్లో ఎవరికీ ఆకలి మిగలదు, వందిళ్ల పిడికిళ్లు కొన్నాళ్లు కలిస్తే బస్తా. మన కాలంలో, మన ఊళ్లో ఉదాహరణ కావాలంటే మళ్లీ కారా మాస్టారే. బడిపంతులుగా జీవితం గడిపిన మనిషి, తనకి వచ్చిన పురస్కారాల సొమ్ముతో మొదలుపెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం తెరిచారు. తెలుగు కథ అచ్చయిన ప్రతి పత్రికా ఒక చోట దొరకాలన్న కోరిక ఆయనది. ఆయనకన్నా ముందు గిడుగు పంతులుగారు సవరల కోసం సొంత డబ్బుతో బడులు పెట్టారు. వీళ్లు కూడబెట్టడం తెలిసినవాళ్లే. ఎందుకోసమో కూడా తెలుసు.

పొదుపు మనుషుల్ని ముడుచుకుపోయేలా చేస్తుందనీ, పండగా సంబరమూ లేని బతుకు ఏం బతుకనీ అనేవాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను. విజయదశమి తరవాతి మంగళవారం విజయనగరంలో పైడితల్లి సిరిమాను తిరిగేటప్పుడు ఊరంతా వీధిలో ఉంటుంది. ఎన్నో పల్లెల్లో కొన్నేళ్లకోసారి వచ్చే ఊరి పండగకి హైదరాబాదు, చెన్నై, విశాఖ వలస వెళ్లిన ప్రతి కుటుంబం తిరిగి వస్తుంది. ఆ రోజు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లకీ విస్తరి వెయ్యడం దుబారా అని లెక్కలు చెప్పేవాళ్ల మాట నేను వినను. వలస బతుకుల్లో చెదిరిన చుట్టరికం మళ్లీ ముడిపడేది ఆ ఒక్కరోజే, తుపాను రాత్రి తలుపు తట్టడానికి పనికొచ్చేదీ ఆ చుట్టరికమే. కాని పక్కింటివాళ్లు రెండు మేకలు కోస్తే మనం మూడు కొయ్యాలనీ, పొరుగూరి డీజే కన్నా మన డీజే పెద్దదవ్వాలనీ, అందుకు పైవడ్డీకి అప్పు తెచ్చి, ఆ వడ్డీ కోసం పిల్లని కాలేజీ మాన్పించి, ఏడాదంతా పాలు లేని ఇల్లు నడపడం పండగలోకి రాదు. అమ్మవారికి మొక్కింది ఎవరు, ఆ మొక్కు చెల్లించింది ఎవరు అని చూస్తే, మొక్కినవాడు తండ్రి, చెల్లించింది పిల్ల. పండగ నెల తెలిసినదే కాబట్టి ముందు నుంచి నెలనెలా ఆ పేరుతో కొంత పక్కన పెట్టుకుని, ఉన్నంతలో చేసిన పండగకి అమ్మవారు ఎప్పుడూ అలగలేదు. పెద్దకర్మ భోజనాలకీ, పెళ్లిళ్లకీ ఇదే వర్తిస్తుంది. అందరూ ఖర్చు తగ్గిస్తే వ్యాపారాలు పడిపోవా అన్న ఆర్థికవేత్తల ప్రశ్న ఒకటుంది. కీన్స్ చెప్పినట్టు మాంద్యం రోజుల్లో అందరూ ఒక్కసారి ముడుచుకుంటే నష్టమే. అది ప్రభుత్వాలు చూసుకోవలసిన లెక్క. కూలివాడికి సరిగా కూలి ఇచ్చి, ఇల్లాలికి సరిగా తిండి పెట్టి, తన గొప్పలు తగ్గించుకున్నవాడి వల్ల బజారు మూతపడదు, అక్కడ అమ్ముడయ్యే సరుకు మారుతుంది.

చివరికి మిగిలేది ఒక ఆచరణ సందేహం. ఎవరి వాటా అని ప్రతి రూపాయికీ అడుగుతూ కూర్చుంటే ఇల్లు నడుస్తుందా? ప్రతి రూపాయికీ అక్కర్లేదు. నెలకోసారి ఇంటి లెక్క రాసుకునేటప్పుడు, ఈ నెల తగ్గించిన ఖర్చులు ఏవి, అవి ఎవరికి తగ్గాయి అని ఒక్కసారి చూసుకుంటే చాలు. మగవాళ్ల సిగరెట్టూ మందూ, సెల్‌ఫోను మార్పిడీ, బండి వాయిదాలూ అలాగే ఉండి, పాలూ కూరగాయలూ తగ్గి ఉంటే ఆ లెక్క తప్పు. పనిమనిషికి పండగ బట్టలు ఆగిపోయి ఇంటివాళ్లకి రెండు జతలు వచ్చి ఉంటే ఆ లెక్క తప్పు. కొడుకు కోచింగ్ ఫీజు కట్టి కూతుర్ని ఊళ్లో డిగ్రీతో ఆపేసి ఉంటే అది ఇంకా పెద్ద తప్పు. ఈ లెక్కకి ఇల్లాలు కూడా కూర్చోవాలి, ఊరకే కూర్చోవడం కాదు, కలం ఆమె చేతిలో ఉండాలి. ఇరవై ఏళ్లకు పైగా సంఘం పుస్తకాలు రాస్తూ, ఎవరు ఎంత కట్టారో ఎవరికి ఎంత అవసరమో పదిమంది ముందు చదివి చెబుతున్న ఆడవాళ్లు మన ప్రతి పల్లెలోనూ ఉన్నారు. వాళ్ల సొంత ఇళ్లలో లెక్క మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ మగవాళ్ల జేబులోనే ఉంది.